ఏపీఎస్-2-79 వేసినా కేఎస్ఆర్ నుంచి మెక్ విడిపోవటం లేదు: అనుమానించాల్సింది కాంపౌండ్‌నా, ప్రయోగాన్నా?

నీలిబ్యాండ్ (ప్రశ్న)

కేఎస్ఆర్1 స్కాఫోల్డ్‌ను (ఇతర ప్రోటీన్లను ఒకచోట చేర్చి పట్టుకునే ప్రోటీన్) రసాయనంతో అడ్డుకుంటే, కణానికి పెరగమనే సంకేతాన్ని మోసే రాస్–రాఫ్–మెక్–ఎర్క్ ప్రోటీన్ల దారిలో ఏం మారుతుందో చూడటం లక్ష్యం. వాడుతున్న కాంపౌండ్ ఏపీఎస్-2-79. ఇప్పటివరకు చేసినది ఇదీ.

హెచ్‌ఈకే293టీ కణాల్లో ఫ్లాగ్ ట్యాగ్ ఉన్న కేఎస్ఆర్1ను ట్రాన్స్‌ఫెక్ట్ చేశాను (డీఎన్‌ఏ ద్వారా ఎక్కించాను). 10 సెంటీమీటర్ల డిష్‌కు 5 మైక్రోగ్రాముల ప్లాస్మిడ్, 36 గంటలు. తర్వాత 10% సీరం ఉన్న మీడియంలోనే 5 మైక్రోమోలార్ ఏపీఎస్-2-79 రెండు గంటలు, చివరి 10 నిమిషాలు 100 నానోగ్రాములు/మి.లీ. ఈజీఎఫ్ (ఈ దారిని చైతన్యపరిచే పెరుగుదల కారకం). రిపా బఫర్‌లో లైసిస్ (కణాలను పగలగొట్టటం), ఫ్లాగ్ బీడ్లతో ఐపీ (కేఎస్ఆర్1ను, దాన్ని అంటిపెట్టుకున్నవాటిని బయటికి లాగటం), మెక్1కి బ్లాట్ (యాంటీబాడీతో గుర్తించటం). కాంపౌండ్ ఉన్నా లేకపోయినా మెక్ బ్యాండ్ ఒకేలా ఉంది. రాఫ్‌లలో ఒకటైన బీరాఫ్‌కి కూడా బ్లాట్ చేశాను, ఏ లేన్‌లోనూ ఏమీ కనిపించలేదు. మొత్తం లైసేట్‌లో ఫాస్ఫో-ఎర్క్‌లోనూ (ఫాస్ఫేట్ చేరి చైతన్యం పొందిన ఎర్క్) తేడా లేదు.

ఏ375, హెచ్‌సీటీ116 కణాల్లో ట్రాన్స్‌ఫెక్షన్ లేకుండా ఇదే డోస్ ఇచ్చి చూస్తే అక్కడా ఫాస్ఫో-ఎర్క్ కదల్లేదు. 20 మైక్రోమోలార్‌కి పెంచితే హెచ్‌సీటీ116లో ఫాస్ఫో-ఎర్క్ పడిపోయింది, కానీ కణాలు గుండ్రంగా మారి ఊడిపోతున్నాయి.

కాంపౌండ్ పాడైపోయిందా? 20 మైక్రోమోలార్ ఫలితాన్ని నమ్మవచ్చా?

చలిగది

కాంపౌండ్ పాడైపోయిందని అప్పుడే తేల్చకండి. మీరు చూస్తున్న చోట మార్పు రావాల్సిన అవసరమే లేదు.

స్కాఫోల్డ్ ఇన్హిబిటర్ అనగానే అన్నీ విడగొట్టేస్తుందని అనుకుంటాం. ఏపీఎస్-2-79 అలా పనిచేయదు. కేఎస్ఆర్ ఒక సూడోకైనేజ్, అంటే కైనేజ్‌లా ఉండి ఫాస్ఫేట్ అతికించే పని దాదాపు చేయని ప్రోటీన్. ఉత్ప్రేరక లైసిన్ ఉండాల్సిన చోట క్షీరదాల కేఎస్ఆర్‌లో ఆర్జినిన్ ఉంటుంది. కానీ ఏటీపీ కూర్చునే గుంట అలాగే ఉంది, ఈ కాంపౌండ్ అక్కడే కూర్చుంటుంది. 2016లో వచ్చిన కేఎస్ఆర్2 (కేఎస్ఆర్1కు సోదర ప్రోటీన్)–మెక్1 స్ఫటిక నిర్మాణంలో అది కేఎస్ఆర్‌ను నిష్క్రియ రూపంలో బిగించి పెట్టటం కనిపిస్తుంది. ఆ రూపంలో మెక్ కేఎస్ఆర్‌ను పట్టుకునే ఉంటుంది, ఊడదు. దెబ్బతినేది రెండు చోట్ల: రాఫ్ వచ్చి కేఎస్ఆర్ పక్కన జతకట్టటం, దానివల్ల మెక్ ఫాస్ఫొరైలేషన్‌కు అనువైన భంగిమలోకి తిరగటం. కాబట్టి మెక్ బ్యాండ్ తగ్గలేదంటే కాంపౌండ్ చెప్పినట్టే నడుచుకుంటోందని కూడా అర్థం చేసుకోవచ్చు. కేఎస్ఆర్–మెక్ బంధం ఈజీఎఫ్ ఇచ్చినా ఇవ్వకపోయినా ఉండేదే.

మీరు చూడాల్సింది కేఎస్ఆర్–బీరాఫ్. అది ఏ లేన్‌లోనూ కనిపించకపోవటానికి కారణాలు మీ వివరాల్లోనే ఉన్నాయి.

మొదటిది రిపా. అందులో 0.1% ఎస్‌డీఎస్, డీఆక్సీకోలేట్ ఉంటాయి. మెక్ వంటి గట్టి బంధం తట్టుకుంటుంది, రాఫ్ జత తట్టుకోదు.

రెండోది సమయం. ఈజీఎఫ్ ఇచ్చిన తొలి నిమిషాల్లో కేఎస్ఆర్1 పొర దగ్గరికి చేరి బీరాఫ్‌తో కలుస్తుంది. ఆ తర్వాత చైతన్యం పొందిన ఎర్క్ వెనక్కి తిరిగి కేఎస్ఆర్1నూ బీరాఫ్‌నూ ఫాస్ఫొరైలేట్ చేసి ఆ జతను విడగొడుతుంది. 10 నిమిషాలకు, అదీ 100 నానోగ్రాముల డోస్‌తో, చాలా భాగం విడిపోయి ఉండవచ్చు. 0, 2, 5, 10, 20 నిమిషాలకు శాంపిళ్లు తీయండి.

మూడోది ఈజీఎఫ్ డోస్. 100 నానోగ్రాములు అంటే వరద. వరదలో ఒక కాలువకు అడ్డుకట్ట వేస్తే నీటిమట్టంలో తేడా ఎలా తెలుస్తుంది? కేఎస్ఆర్1 లేని ఎలుక ఫైబ్రోబ్లాస్టుల్లో కూడా ఎర్క్ చైతన్యం తగ్గుతుందే తప్ప పోదు. స్కాఫోల్డ్ పని సిగ్నల్‌ను సమర్థంగా అందించటం కాబట్టి, దాని లోటు బలహీనమైన ప్రేరణలోనే బయటపడుతుంది. 0.1–0.5% సీరంలో కణాలను రాత్రంతా ఉంచి 0.5, 1, 2, 5 నానోగ్రాముల ఈజీఎఫ్‌తో వక్రరేఖ గీయండి. గరిష్ఠంలో మూడో వంతు ఫాస్ఫో-ఎర్క్ వచ్చే డోస్ ఎంచుకుని కాంపౌండ్‌ను అక్కడ పరీక్షించండి.

ఫాస్ఫో-ఎర్క్‌తో పాటు ఫాస్ఫో-మెక్ (సెరిన్ 217/221) తప్పకుండా చూడండి. ఈ కాంపౌండ్ అడ్డుకునే మెట్టు రాఫ్ నుంచి మెక్‌కు. ఆ కిందికి వెళ్లేసరికి సిగ్నల్ పెద్దదై చిన్న తేడాలు కప్పుకుపోతాయి.

ఇక ఏ375. అది బీరాఫ్ వీ600ఈ ఉన్న కణం. ఆ మ్యుటెంట్ రాస్ పిలుపు కోసం ఎదురుచూడదు, జత కోసం వెతకదు, ఒంటరిగానే మెక్‌ను ఫాస్ఫొరైలేట్ చేస్తుంది. కేఎస్ఆర్‌ను కట్టేసినా దానికి పట్టదు. ఏ375లో తేడా రాకపోవటం వైఫల్యం కాదు, మంచి నెగటివ్ కంట్రోల్. దాన్ని అలాగే ఉంచుకోండి. కేరాస్ మ్యుటేషన్ ఉన్న హెచ్‌సీటీ116 (జీ13డీ), ఏ549 (జీ12ఎస్) సరైన కణాలు.

పరంజా

చలిగది గారు చెప్పినవాటిలో అతిగా ఎక్స్‌ప్రెస్ చేయటం గురించి రాలేదు. ఈ ప్రశ్నలో నాకు అన్నింటికన్నా పెద్ద చిక్కు అదే.

ఇల్లు కట్టేచోట పరంజా మీద ఇద్దరు మేస్త్రీలు పక్కపక్కన నిలబడితే ఒకరి చేతి ఇటుక ఇంకొకరికి అందుతుంది. అదే పరంజాలు పది వేసి, మేస్త్రీలు ఇద్దరే ఉంటే? ఒకరు ఒకదాని మీద, ఇంకొకరు మరోదాని మీద నిలబడతారు, ఇటుక చేతులు మారదు. స్కాఫోల్డ్ ప్రోటీన్లలో జరిగేది అచ్చంగా ఇదే. కేఎస్ఆర్ అణువులు మెక్, ఎర్క్‌ల కన్నా ఎక్కువైపోతే మెక్ ఒక కేఎస్ఆర్ మీద, ఎర్క్ వేరే కేఎస్ఆర్ మీద చేరి, రెండూ ఒకేచోట ఉన్న పూర్తి సముదాయాలు తగ్గిపోతాయి. స్కాఫోల్డ్ పరిమాణం పెంచుతూ పోతే సిగ్నల్ మొదట పెరిగి, ఒక శిఖరం చేరి, పడిపోతుంది. 2000లో వచ్చిన గణిత నమూనాలు దీన్ని వివరంగా చూపాయి. కేఎస్ఆర్1 లేని కణాల్లోకి దాన్ని మెల్లగా తిరిగి ఎక్కించిన ప్రయోగాల్లోనూ ఇదే ఆకారం వచ్చింది.

293టీలో 5 మైక్రోగ్రాముల ప్లాస్మిడ్ అంటే మీరు శిఖరం దాటి అవతలి వాలులో ఉన్నారు. అక్కడ కేఎస్ఆర్‌లో కొంత భాగాన్ని ఇన్హిబిటర్ పనికిరాకుండా చేస్తే సిగ్నల్ తగ్గాలని లేదు, పెరిగినా ఆశ్చర్యం లేదు. ఈ ఏర్పాటులో వచ్చిన ఏ ఫాస్ఫో-ఎర్క్ ఫలితాన్నీ ఎటువైపూ వాడకండి.

చేయాల్సింది: డాక్సీసైక్లిన్‌తో నడిచే వెక్టర్ ద్వారా కేఎస్ఆర్1 నాకౌట్ (ఆ జన్యువు తీసేసిన) కణాల్లోకి ట్యాగ్ ఉన్న కేఎస్ఆర్1ను ఎక్కించండి. డాక్సీసైక్లిన్‌ను 0 నుంచి 500 నానోగ్రాములు/మి.లీ. వరకు ఆరేడు మెట్లలో ఇచ్చి, ప్రతి మెట్టులో కేఎస్ఆర్ స్థాయి, ఫాస్ఫో-ఎర్క్ రెండూ కొలవండి. పెరుగుతున్న వాలులో, శిఖరానికి కాస్త ముందున్న డోస్ మీ పని స్థలం. అది కుదరకపోతే కనీసం ప్లాస్మిడ్‌ను 0.2–0.5 మైక్రోగ్రాములకు దించి, మిగతాది ఖాళీ వెక్టర్‌తో నింపండి.

అవే కణాల్లో మ్యుటెంట్లు కూడా పెట్టుకోండి. మెక్‌ను పట్టుకోలేని కేఎస్ఆర్1 సీ809వై, రాఫ్‌తో జతకట్టలేని ఆర్615హెచ్. ఐపీలో సీ809వై లేన్‌లో మెక్ కనిపిస్తే అది బీడ్లకు అంటుకున్న చెత్త అని వెంటనే తెలుస్తుంది. ఆర్615హెచ్ ఉన్న కణాల్లో కూడా కాంపౌండ్ అదే స్థాయి ప్రభావం చూపిస్తే అది కేఎస్ఆర్–రాఫ్ జత ద్వారా వస్తున్నది కాదు. నాకౌట్ కణంలో కూడా కాంపౌండ్ పనిచేస్తుంటే కేఎస్ఆర్2 మిగిలి ఉందేమో చూడండి. అదీ లేకపోతే లక్ష్యం వేరే ప్రోటీన్.

మడతబల్ల

ఐపీ ఎలా చేయాలో వివరంగా రాస్తాను, ఎందుకంటే బలహీన బంధాల ఐపీలు చాలావరకు లైసిస్ దగ్గరే పోతాయి.

బఫర్: 20 మిల్లీమోలార్ ట్రిస్ పీహెచ్ 7.5–8.0, 137–150 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్, 10% గ్లిసరాల్, 0.5–1% ఎన్‌పీ-40 (లేదా దానికి సమానమైన ఐజీపాల్). వాడే ముందు ప్రోటియేజ్ ఇన్హిబిటర్లు, 10 మిల్లీమోలార్ సోడియం ఫ్లోరైడ్, 10 మిల్లీమోలార్ బీటా-గ్లిసరోఫాస్ఫేట్, 1 మిల్లీమోలార్ ఆర్థోవనడేట్. వనడేట్‌ను పీహెచ్ 10 దగ్గర పసుపురంగు పోయేదాకా మరిగించి చైతన్యపరచినదే వాడాలి. బఫర్‌లో ఈడీటీఏ గానీ డీటీటీ గానీ వేస్తే వనడేట్ పని చెడుతుంది. ఈ సంగతి మరిచిపోవటం వల్ల ఎన్నో ఫాస్ఫో బ్లాట్లు కారణం తెలియకుండా మసకబారుతుంటాయి.

డిష్‌ను మంచు మీద పెట్టి, చల్లటి పీబీఎస్‌తో ఒకసారి కడిగి, 600 మైక్రోలీటర్ల బఫర్ పోసి గీకండి. సోనికేషన్ వద్దు, వోర్టెక్స్ వద్దు. 4 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు తిప్పి, 14,000 జీ వద్ద 10 నిమిషాలు స్పిన్ చేయండి. బీడ్లతో రాత్రంతా ఉంచకండి, గంటన్నర నుంచి రెండు గంటలు చాలు. కడగటం మూడుసార్లు, ఒక్కోసారి 1 మి.లీ., మొత్తం ఐదు నిమిషాల్లో ముగించాలి.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని లెక్క. 10 సెంటీమీటర్ల డిష్‌లో కోటి కణాలు అనుకోండి, ఒక్కో కణం సుమారు 2 పికోలీటర్లు. మొత్తం కణాల ఘనపరిమాణం 20 మైక్రోలీటర్లు. వాటిని 600 మైక్రోలీటర్లలో పగలగొట్టగానే లోపలి కాంపౌండ్ దాదాపు 30 రెట్లు పలచబడుతుంది. 5 మైక్రోమోలార్ కాస్తా 0.16 మైక్రోమోలార్ అవుతుంది. ఏపీఎస్-2-79 కేఎస్ఆర్2 గుంటలో ఏటీపీ ప్రోబ్‌తో పోటీపడే ఐసీ50 (సగం నిరోధం ఇచ్చే గాఢత) సుమారు 120 నానోమోలార్. అంటే లైసిస్ అయిన క్షణానికే మీరు అంచున ఉన్నారు. ఇక కాంపౌండ్ లేని బఫర్‌తో మూడు కడుగులు కడిగితే గుంట ఖాళీ అవుతుంది, ప్రోటీన్ తిరిగి తన పాత అలవాటుకు పోతుంది. అందుకని లైసిస్ బఫర్‌లోనూ కడిగే బఫర్‌లోనూ కాంపౌండ్‌ను అదే 5 మైక్రోమోలార్ వేసి ఉంచండి. డీఎంఎస్ఓ (కాంపౌండ్‌ను కరిగించే ద్రావణి) మాత్రమే ఇచ్చిన లేన్‌కు డీఎంఎస్ఓ కలిపిన బఫర్.

బ్యాండ్ల పరిమాణాలూ గుర్తుంచుకోండి. మెక్ సుమారు 45 కిలోడాల్టన్లు, ఎర్క్ 42/44, యాంటీబాడీ హెవీ చెయిన్ 50–55. బీడ్లను నేరుగా శాంపిల్ బఫర్‌లో మరిగిస్తే ఆ పెద్ద మచ్చ మెక్ మీదికి పాకుతుంది. మీకు రెండు లేన్లలో ‘ఒకేలా’ కనిపించిన మెక్ బ్యాండ్‌లో ఎంత భాగం మెక్, ఎంత భాగం హెవీ చెయిన్? 3ఎక్స్ ఫ్లాగ్ పెప్టైడ్ 150–200 మైక్రోగ్రాములు/మి.లీ., 4 డిగ్రీల దగ్గర 30 నిమిషాలతో ఎల్యూట్ చేస్తే ఈ గొడవే ఉండదు. అది లేకపోతే లైట్ చెయిన్‌ను మాత్రమే పట్టే సెకండరీ వాడండి.

కేఎస్ఆర్–బీరాఫ్ ఐపీకి పాజిటివ్ కంట్రోల్ ఒకటి చేతిలో ఉంది. సొరాఫెనిబ్ వంటి రాఫ్ ఇన్హిబిటర్లు రాస్ చైతన్యంగా ఉన్న కణాల్లో బీరాఫ్‌ను కేఎస్ఆర్1తో బలంగా జతకట్టిస్తాయి. 10 మైక్రోమోలార్ సొరాఫెనిబ్ ఒక గంట ఇచ్చిన లేన్‌లో కూడా బీరాఫ్ బ్యాండ్ రాకపోతే మీ ఐపీ పనిచేయటం లేదు. అప్పుడు ఏపీఎస్-2-79 లేన్ గురించి మాట్లాడటానికి ఏమీ ఉండదు.

చలిగది

మడతబల్ల గారూ, బఫర్‌లో కాంపౌండ్ వేయటం మీద నాకొక అభ్యంతరం ఉంది. వేస్తే బంధం నిలబడుతుంది, నిజమే. కానీ అది కణంలో జరిగిందా, ట్యూబులో జరిగిందా అన్నది తెలియదు. పొర దాటలేని కాంపౌండ్ కూడా ఆ బఫర్‌లో కేఎస్ఆర్‌ను చక్కగా పట్టుకుంటుంది.

అందుకని నాలుగు లేన్లు పెట్టాలి. కణాల్లో డీఎంఎస్ఓ, బఫర్‌లో డీఎంఎస్ఓ. కణాల్లో కాంపౌండ్, బఫర్‌లో కాంపౌండ్. కణాల్లో కాంపౌండ్, బఫర్‌లో డీఎంఎస్ఓ. చివరగా కణాల్లో డీఎంఎస్ఓ, బఫర్‌లో మాత్రమే కాంపౌండ్. ఈ చివరి లేన్‌లో కూడా జత పూర్తిగా విడిపోతే రెండో లేన్ ఫలితాన్ని కణంలోని సంగతిగా చెప్పుకోకూడదు.

మడతబల్ల

ఒప్పుకుంటున్నాను, నాలుగో లేన్ తప్పనిసరి. కణంలో కాంపౌండ్ నిజంగా కేఎస్ఆర్‌ను పట్టుకుందా అని విడిగా చూడాలంటే లైసిస్‌కు ముందే కొలిచే పద్ధతి కావాలి. వేడితో చేసే సెట్సా (లిగాండ్ పట్టుకున్న ప్రోటీన్ కణంలో వేడిని ఎంత తట్టుకుంటుందో చూసే పరీక్ష) ఒక దారి. బతికున్న కణాలకు గంటసేపు కాంపౌండ్ ఇచ్చి, పీసీఆర్ ట్యూబుల్లో పంచి, 40 నుంచి 64 డిగ్రీల దాకా 3 డిగ్రీల మెట్లలో మూడేసి నిమిషాలు వేడిచేసి, ద్రవ నత్రజనిలో మూడుసార్లు గడ్డకట్టించి కరిగించి, 20,000 జీ వద్ద 20 నిమిషాలు స్పిన్ చేసి, పైద్రవంలో మిగిలిన కేఎస్ఆర్‌ను బ్లాట్ చేయాలి. కరుగు ఉష్ణోగ్రత జరిగితే బంధం ఉంది. జరగకపోతే బంధం లేదని మాత్రం చెప్పలేం. పెద్ద సముదాయంలో కూరుకుపోయిన ప్రోటీన్ కరుగు రేఖ లిగాండ్‌తో జరగకపోవచ్చు.

సహజస్థాయి కేఎస్ఆర్1కు ఇది చేయాలంటే యాంటీబాడీ దగ్గర ఇబ్బంది. దాని పరిమాణం 100 కిలోడాల్టన్ల ఇరుగుపొరుగు, అక్కడ వేరే బ్యాండ్లూ చాలా వస్తాయి. నాకౌట్ లైసేట్‌ను పక్క లేన్‌లో పెట్టకుండా ఏ బ్యాండ్‌నూ కేఎస్ఆర్1 అనకండి.

నీలిబ్యాండ్

అందరికీ ధన్యవాదాలు. మెక్ ఊడాలని ఆశించటమే తప్పని అర్థమైంది. రెండు ప్రశ్నలు మిగిలాయి. 20 మైక్రోమోలార్‌లో ఫాస్ఫో-ఎర్క్ పడిపోవటాన్ని ఎలా చూడాలి? ఏపీఎస్-2-79ను ఒంటరిగా కాక మెక్ ఇన్హిబిటర్ ట్రామెటినిబ్‌తో కలిపి ఎందుకు వాడతారు, ఆ గ్రిడ్ ఎలా వేయాలి?

ఆరుబైఆరు

రెండో ప్రశ్న ముందు తీసుకుంటాను.

మెక్ ఇన్హిబిటర్ ఒక్కటే ఇస్తే ఎర్క్ పడిపోతుంది. ఎర్క్ పడిపోగానే అది రాఫ్ మీద, పైనున్న గ్రాహకాల మీద వేసి ఉంచిన బ్రేకులు వదులవుతాయి. రాఫ్ రెచ్చిపోయి మెక్‌ను మళ్లీ ఫాస్ఫొరైలేట్ చేస్తుంది, కొన్ని గంటల్లో ఎర్క్ తిరిగి లేస్తుంది. ఈ తిరుగుదెబ్బ రాస్ మ్యుటెంట్లలో ఎక్కువ. ఏపీఎస్-2-79 అడ్డుకునేది సరిగ్గా ఆ రాఫ్–మెక్ మెట్టునే కాబట్టి ఒంటరిగా కన్నా ఈ సందర్భంలో దాని విలువ కనిపిస్తుంది. 2016 నాటి ఫలితాల్లో హెచ్‌సీటీ116, ఏ549 కణాల్లో ట్రామెటినిబ్‌కు అది తోడై బలం పెంచింది. బీరాఫ్ మ్యుటెంట్ ఏ375లో అలా జరగలేదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ట్రామెటినిబ్ మెక్ గుంటలో మాత్రమే కూర్చుంటుందని చాలాకాలం అనుకున్నారు. 2020లో వచ్చిన నిర్మాణాల్లో అది కేఎస్ఆర్–మెక్ సరిహద్దులో కూర్చుని కేఎస్ఆర్‌ను కూడా తాకుతున్నట్టు తేలింది. మెక్ ఇన్హిబిటర్లన్నీ ఇలా ఉండవు. కాబట్టి గ్రిడ్‌ను ట్రామెటినిబ్‌తో ఒకసారి, మరో మెక్ ఇన్హిబిటర్ పీడీ0325901తో ఒకసారి వేయండి. ఫాస్ఫో-మెక్ చదివేటప్పుడు కూడా జాగ్రత్త: పీడీ0325901 ఇస్తే ఫాస్ఫో-మెక్ ఎగబాకుతుంది, ట్రామెటినిబ్ మెక్ మీది సెరిన్ 217 ఫాస్ఫొరైలేషన్‌నే కొంత అడ్డుకుంటుంది కాబట్టి అంతగా ఎగబాకదు. ఈ తేడా తెలియకపోతే దాన్ని ఏపీఎస్-2-79 ఖాతాలో వేసేస్తారు.

గ్రిడ్: 96 బావుల ప్లేట్‌లో బావికి 2,000 హెచ్‌సీటీ116 కణాలు, రాత్రంతా అతుక్కోనివ్వండి. ట్రామెటినిబ్ 0, 0.3, 1, 3, 10, 30 నానోమోలార్. ఏపీఎస్-2-79 0, 0.1, 0.3, 1, 3, 10 మైక్రోమోలార్. 36 కలయికలు, మూడేసి ప్లేట్లు. అంచు బావుల్లో కణాలు వేయకండి, పీబీఎస్ పోయండి, లేకపోతే ఆవిరి వల్ల అంచున డోస్ మారుతుంది. డీఎంఎస్ఓ ప్రతి బావిలో, సున్నా డోస్‌తో సహా, 0.1% ఉండాలి. రెండు కాంపౌండ్ల డీఎంఎస్ఓ కలిసి 0.2% అయిపోతుందని మరిచిపోతుంటారు. 20 మిల్లీమోలార్ స్టాక్ నుంచి నేరుగా మీడియంలోకి పోయకుండా, డీఎంఎస్ఓలోనే 2,000 రెట్ల డోస్ మెట్లు చేసుకుని ఒక్కోదాన్ని 0.05% చొప్పున వేయండి. 72 గంటల తర్వాత ఏటీపీ లూమినెసెన్స్ చదవండి. ప్లేట్ వేసిన రోజు సున్నా గంట రీడింగ్ కూడా తీస్తే కణాలు చచ్చాయా, పెరగటం ఆగాయా తెలుస్తుంది.

రెండు మందులు స్వతంత్రంగా పనిచేస్తే ఎంత నిరోధం రావాలో చెప్పే బ్లిస్ లెక్క చిన్నదే. ట్రామెటినిబ్ ఒక్కటే 30% నిరోధం, ఏపీఎస్-2-79 ఒక్కటే 10% ఇచ్చాయనుకోండి. రెండూ స్వతంత్రంగా పనిచేస్తే రావాల్సింది 0.30 + 0.10 − 0.03, అంటే 37%. మీకు 60% వస్తే 23 పాయింట్లు అదనం. అలాంటి అదనం ఒక్క బావిలో కాక, పక్కపక్క డోసుల్లో ఒక మడిలా కనిపించాలి. ఒంటరి బావిలో వెలిగేది సాధారణంగా పిపెటింగ్ పొరపాటు.

గ్రిడ్‌లో బలం కనిపించిన డోస్ జంటను తీసుకుని 1, 4, 24, 48 గంటలకు ఫాస్ఫో-ఎర్క్ బ్లాట్ చేయండి. తిరుగుదెబ్బ అణగటం 24, 48 గంటల లేన్లలో కనిపించాలి. గంట దగ్గర తేడా లేకపోతే దిగులు పడాల్సింది లేదు.

పరంజా

20 మైక్రోమోలార్ విషయానికి వస్తే, కణాలు గుండ్రంగా మారి ఊడుతున్నప్పుడు ఏ సిగ్నల్ అయినా పడిపోతుంది. దాన్ని పక్కన పెట్టండి. తెలుసుకోవాలనుకుంటే అవే లైసేట్లలో ఇతర సంకేతాల గుర్తులైన ఫాస్ఫో-ఏకేటీ, ఫాస్ఫో-ఎస్6, కణం చావుకు గుర్తైన తెగిన పార్ప్ చూడండి. అన్నీ కలిసి పడిపోయి పార్ప్ తెగితే అది చావు, స్కాఫోల్డ్ కాదు. 30 నిమిషాల్లోనే, కణాలు ఆరోగ్యంగా ఉండగా, ఫాస్ఫో-మెక్ ఒక్కటే తగ్గితే అప్పుడు ఆలోచించాలి.

అంత డోస్‌లో కరగటం కూడా అనుమానమే. మీడియంలో 20 మైక్రోమోలార్ వేసి 37 డిగ్రీల దగ్గర గంట ఉంచి, 16,000 జీ వద్ద 20 నిమిషాలు స్పిన్ చేయండి. పైద్రవంలో ఎంత మిగిలిందో ఎల్‌సీ-ఎంఎస్‌తో కొలవండి. సగమే ఉంటే మీ డోస్ 20 కాదు. శుద్ధ ప్రోటీన్లతో చేసే పరీక్షల్లో ఇలాంటి కాంపౌండ్లు కొల్లాయిడ్ ముద్దలు కట్టి, కనపడిన ప్రోటీన్‌నల్లా తమ మీద అతికించుకుని ఇన్హిబిటర్లలా నటిస్తాయి. 0.01% ట్రైటన్ ఎక్స్-100 కలిపితే నిరోధం మాయమైతే అది ముద్దే.

నిర్మాణంలో ఏపీఎస్-2-79కి దగ్గరగా ఉండి కేఎస్ఆర్‌కు అంటని జోడీ కాంపౌండ్ ఒకటి అదే డోస్‌లో పక్కన నడవాలి. అది కూడా ఫాస్ఫో-ఎర్క్‌ను పడగొడితే తీర్పు అక్కడే వచ్చేస్తుంది.

ఈ జాగ్రత్త కేఎస్ఆర్‌కే పరిమితం కాదు. జేఎన్‌కే అనే కైనేజ్‌కూ దాని స్కాఫోల్డ్ జేఐపీ1కూ మధ్య బంధాన్ని విడగొట్టటానికి 2008లో వచ్చిన బీఐ-78డీ3ని చూడండి, ఐసీ50 280 నానోమోలార్. జేఎన్‌కే మీద జేఐపీ కూర్చునే గాడిని అడ్డుకుంటుందని జేఎన్‌కే ప్రయోగాల్లో విరివిగా వాడారు. ఎర్క్2లోనూ అలాంటి గాడే ఉంది, అక్కడి సిస్టీన్ 159కి అది సమయోజనీయంగా అతుక్కుంటుందని 2019లో తేలింది. బీఐ-78డీ3తో ఏం చేసినా, జేఎన్‌కే పనికి గుర్తైన ఫాస్ఫో-సీ-జన్‌తో పాటు ఎర్క్ వైపు కూడా చూడాల్సిందే. అది థయాల్‌లతో చర్య జరుపుతుంది కాబట్టి బఫర్‌లో డీటీటీ ఉండకూడదు.

ఎర్క్ దారిలోని మరో స్కాఫోల్డ్ ఐక్యూగ్యాప్1 మీద వాడే డబ్ల్యూడబ్ల్యూ పెప్టైడ్ ఇంకో ఉదాహరణ. ఐక్యూగ్యాప్1 తన డబ్ల్యూడబ్ల్యూ డొమైన్‌తో ఎర్క్‌ను పట్టుకుంటుందన్న అవగాహన మీద 2013లో ఆ పెప్టైడ్‌ను కణితుల్లో పరీక్షించారు, కణితులు తగ్గాయి. 2017లో శుద్ధ ప్రోటీన్లతో చేసిన బంధన పరీక్షల్లో ఆ డొమైన్ తీసేసినా ఎర్క్ పట్టు తగ్గలేదు, పట్టు ఐక్యూ ప్రాంతంలో ఉందని వచ్చింది. కణితి తగ్గటం నిజమే కావచ్చు, కానీ దానికి చెప్పిన కారణం నిలబడలేదు. పెప్టైడ్ దేన్ని పట్టుకుంటోందో అన్న ప్రశ్న అలాగే ఉంది.

చలిగది

పెప్టైడ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఏకేఏపీ (పీకేఏ అనే కైనేజ్‌ను పట్టుకునే స్కాఫోల్డ్‌లు) మీద పనిచేసేవారి కోసం ఒక మాట. పీకేఏను ఏకేఏపీ నుంచి విడదీయటానికి స్టియరేట్ (కొవ్వు తోక) అతికించిన హెచ్‌టీ31 పెప్టైడ్‌ను 50–100 మైక్రోమోలార్ దాకా ఇస్తుంటారు. అంత డోస్‌లో స్టియరేట్ తోక పొరనే కలవరపెట్టవచ్చు కాబట్టి, హెలిక్స్‌ను విరిచే ప్రోలీన్ పెట్టిన జోడీ పెప్టైడ్, దానికీ అదే తోక, అదే డోస్‌లో ఉండాల్సిందే. చిన్న అణువు కావాలని ఎఫ్‌ఎంపీ-ఏపీఐ-1 వైపు వెళ్లేవారు ఒకటి గమనించండి. అది ఏకేఏపీ బంధాన్ని విడదీయటంతో పాటు పీకేఏను చైతన్యం కూడా చేస్తుంది. విడదీసిన ఫలితమేదో, చైతన్యం ఫలితమేదో దాని ఒక్కదానితో తేల్చలేరు.

సీరంలో పెప్టైడ్లు నిలబడవు. దీనికి పెద్ద ఉదాహరణ ఆస్పత్రి స్థాయిలోనే ఉంది. నాడీకణాల్లోని పీఎస్‌డీ-95 స్కాఫోల్డ్‌ను అడ్డుకునే నెరినెటైడ్ అనే పెప్టైడ్‌ను పక్షవాతం రోగులు 1,105 మందిలో పరీక్షించిన ఫలితాలు 2020లో వచ్చాయి. మొత్తం మీద ప్రధాన లక్ష్యం చేరలేదు. రక్తపుగడ్డ కరిగించే ఆల్టెప్లేజ్ తీసుకోనివారిలో మేలు కనిపించింది, తీసుకున్నవారిలో లేదు. ఆల్టెప్లేజ్ పుట్టించే ప్లాస్మిన్ ఆ పెప్టైడ్‌ను నరికేస్తుంది. కల్చర్‌లో ట్యాట్ పెప్టైడ్లు (కణంలోకి చొరబడే తోక ఉన్నవి) ఇచ్చేటప్పుడు సీరం లేని మీడియంలో 30–60 నిమిషాలు ఇచ్చి, వెంటనే ప్రయోగం ముగించండి. రాత్రంతా ఉంచాక లోపల ఏం మిగిలిందో కొలవకుండా చెప్పకండి.

నీలిబ్యాండ్

అర్థమైంది. ముందు ఎన్‌పీ-40 బఫర్‌తో సొరాఫెనిబ్ కంట్రోల్ లేన్ వేస్తాను, అందులో బీరాఫ్ వచ్చాకే నాలుగు లేన్ల ఐపీ. 293టీ ఫాస్ఫో-ఎర్క్ ఫలితాలు తీసేస్తున్నాను. చిన్న సందేహం: సొరాఫెనిబ్, ఏపీఎస్-2-79 కలిపి ఇచ్చిన లేన్ పెట్టటం వల్ల ఉపయోగం ఉందా?

మడతబల్ల

ఉంది, కానీ క్రమం చూసుకోండి. ఏపీఎస్-2-79 ముందు ఒక గంట, దాన్ని తీయకుండానే సొరాఫెనిబ్ తర్వాత ఒక గంట. సొరాఫెనిబ్ జతను బలంగా లాగుతుంది కాబట్టి 10 మైక్రోమోలార్‌తో పాటు 1, 3 మైక్రోమోలార్ లేన్లు కూడా వేయండి. ఏపీఎస్-2-79 ఆ జతను తక్కువ డోసుల్లో ఆపి, 10 దగ్గర ఆపలేకపోవచ్చు. 10 మైక్రోమోలార్ లేన్ ఒక్కటే వేసి బ్యాండ్ తగ్గలేదని కాంపౌండ్‌ను పారేయకండి.